ఈల్యాబ్‌ఎఫ్‌టీడబ్ల్యూ: గ్రాఫ్ నుంచి ముడి ఫైలు దాకా దారి దొరుకుతుందా?

థీసిస్‌లోని ఒక గ్రాఫ్ మీద వేలు పెట్టి "దీని ముడి ఫైలు, అంటే మెషీన్ ఇచ్చిన అసలు డేటా, ఎక్కడుంది?" అని అడిగితే ల్యాబ్ ఎంతసేపట్లో చూపించగలదు? ప్రయోగాల వివరాలు కంప్యూటర్‌లో రాసిపెట్టుకునే ఎలక్ట్రానిక్ ల్యాబ్ నోట్‌బుక్ ఏదైనా సరే, ముందు ఈ పరీక్షే పెట్టాలి. పారిస్‌లోని క్యూరీ ఇన్‌స్టిట్యూట్‌లో నికొలా కార్పి మొదలుపెట్టిన ఈల్యాబ్‌ఎఫ్‌టీడబ్ల్యూ అలాంటి నోట్‌బుక్కే; ఓపెన్ సోర్స్, ఉచితం. తార్నాక, గచ్చిబౌలి వైపు పది పదిహేను మంది పనిచేసే బయాలజీ ల్యాబ్‌కి ఇది సరిపోతుందా అన్నదే ఇక్కడి విషయం.

ఇన్‌స్టాల్ చేసే ముందు తెల్ల కాగితం మీద డేటా నడిచే దారి గీయండి. క్యూపీసీఆర్‌నే (శాంపిల్‌లో ఒక డీఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పరీక్ష) తీసుకోండి. ఫైలు ఏ మెషీన్‌లో పుడుతోంది, పేరెవరు పెడుతున్నారు, కాపీ ఎవరు చేస్తున్నారు, ఎక్కడికి, దాన్ని చెరిపేసే వీలు ఎవరెవరికుంది? చాలాచోట్ల తేలేది ఒకటే: నెట్ లేని పాత విండోస్ పీసీ, అక్కణ్నుంచి పెన్‌డ్రైవ్, జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) లాప్‌టాప్, ఎక్సెల్, చివరికి పీపీటీ. ఇందులో పెన్‌డ్రైవ్ మజిలీని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయదు. ఆ పీసీని ల్యాబ్ లోపలి నెట్‌వర్క్‌కి కలపడమో, రన్ అయిన రోజే కాపీ చేసే బాధ్యత ఒకరికి అప్పగించడమో మనమే చేసుకోవాలి.

ఇంకో లోపం కూడా ఆ కాగితం మీదే బయటపడుతుంది. చాలామంది సీటీ విలువల (సిగ్నల్ థ్రెషోల్డ్ అనే గీతను దాటిన సైకిల్ నంబర్ల) ఎక్సెల్ ఒక్కటే దాస్తారు. కావలసిన డీఎన్‌ఏనే పెరిగిందో లేదో చూపే మెల్ట్ కర్వ్‌ని రివ్యూయర్ అడిగినా, థ్రెషోల్డ్ మార్చి చూడాల్సి వచ్చినా ఆ ఎక్సెల్ ఎందుకూ కొరగాదు. మెషీన్ సొంత రన్ ఫైలు, ప్లేట్ లేఅవుట్, ఎక్సెల్ మూడూ జతచేయాలని టెంప్లేట్‌లోనే రాసిపెట్టండి.

ఈ నోట్‌బుక్ అసలు బలం లింకులు. యాంటీబాడీలు, ప్రైమర్లు, ప్లాస్మిడ్‌లు, సెల్ లైన్‌లు అన్నింటికీ విడివిడి పేజీలు పెట్టి, ప్రయోగం పేజీకి కలపొచ్చు. యాంటీబాడీ పేజీ తెరిస్తే దాన్ని వాడిన ప్రయోగాలన్నీ అక్కడే కనిపిస్తాయి. ఒక లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) చెడిందని తెలిసిన రోజున ఏ బ్లాట్‌లు (యాంటీబాడీతో ప్రొటీన్‌ను గుర్తించే పరీక్షలు) అనుమానించాలో నిమిషంలో తేలుతుంది. అయితే యాంటీబాడీకి ఒక పేజీ అని పెట్టుకుంటే ఈ లాభం పోతుంది. లాట్‌కి ఒక పేజీ ఉండాలి. మైనస్ 80 ఫ్రీజర్‌లో ర్యాక్, బాక్స్, గడి నంబర్లకు తప్పనిసరి ఫీల్డులు పెట్టండి. లేకపోతే ఆర్నెల్ల డిసెర్టేషన్‌కి వచ్చిన పిల్లలు "పై అరలో, నీలం డబ్బా" అని రాసి వెళ్లిపోతారు.

పెద్ద ఫైళ్ల దగ్గర మాత్రం ఇది చేతులెత్తేస్తుంది. అప్‌లోడ్ పరిమితి మొదట 100 ఎంబీ ఉంటుంది. పెంచుకోవచ్చు గానీ కన్ఫోకల్ మైక్రోస్కోప్ పొరలు పొరలుగా తీసే జెడ్-స్టాక్ బొమ్మలు, సీక్వెన్సింగ్ ఫైళ్లు జీబీల్లో ఉంటాయి కాబట్టి వాటిని ఇందులో కుక్కడం తెలివితక్కువ పని. వాటిని నాస్‌లో (నెట్‌వర్క్‌కి కలిపిన స్టోరేజీ పెట్టె) రీడ్-ఓన్లీగా ఉంచి, పేజీలో ఫైలు దారి, షా-256 చెక్‌సమ్ (ఫైలు మారితే పట్టిచ్చే కోడ్) రాయండి. ఫోల్డర్ పేరు మార్చారో, దారి తెగిపోయినట్టే.

ఇన్‌స్టాలేషన్‌కి లినక్స్, డాకర్ (సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌లు నడిపే సాధనం) తెలిసినవాళ్లు ఒకరు కావాలి. డేటా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటుంది. కాన్ఫిగరేషన్ ఫైల్లో టైమ్‌జోన్ పారిస్‌ది ఉంటుంది, ఏషియా/కోల్‌కతాగా మార్చండి. మార్చకపోతే చలికాలంలో మన టైమ్‌కి నాలుగున్నర గంటలు వెనకబడుతుంది, అర్ధరాత్రి దాటాక సేవ్ చేసిన పేజీకి ముందురోజు తేదీ పడే ప్రమాదముంది. పేజీ ఫలానా సమయానికి అలాగే ఉందని రుజువు చేసే టైమ్‌స్టాంప్ బయటి సర్వర్ నుంచి వస్తుంది కాబట్టి క్యాంపస్ ఫైర్‌వాల్ అడ్డుకుంటే ఆ బటన్ పనిచేయదు.

బ్యాకప్ అంటే మూడు: డేటాబేస్ డంప్, అప్‌లోడ్‌ల ఫోల్డర్, కాన్ఫిగరేషన్ ఫైలు. డంప్ ఒక్కటే తీస్తే పేజీలు తిరిగొస్తాయి, జతచేసిన ఫైళ్లు రావు. వేరే మెషీన్‌లో ఒకసారి రీస్టోర్ చేసి చూడనిదే బ్యాకప్ ఉందని అనుకోవద్దు. అప్‌డేట్ చేసినప్పుడు డేటాబేస్ అప్‌డేట్ కమాండ్ కూడా ఇవ్వాలి, అంతకుముందే బ్యాకప్ తీయాలి. పీహెచ్‌డీ ముగించి వెళ్లినవాళ్ల అకౌంట్‌ని తీసేయకుండా ఆర్కైవ్ చేయండి. పేషెంట్ల పేర్లు ఇందులో అసలు రాయొద్దు, కోడ్ నంబర్లు చాలు.

బయటికి తీసుకోవడం తేలిక: పీడీఎఫ్, జిప్, ఈఎల్ఎన్ (ల్యాబ్ నోట్‌బుక్‌ల మధ్య డేటా మార్చుకునేది) ఫార్మాట్లలో వస్తుంది, రేపు వేరే నోట్‌బుక్‌కి మారినా డేటా చిక్కుకుపోదు. ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయొలాజికల్ డేటా సెంటర్‌కి సీక్వెన్స్‌లు పంపేటప్పుడు శాంపిల్ వివరాలు వెతుక్కునే బాధా తగ్గుతుంది.

సర్వర్ చూసుకునే మనిషి లేని ల్యాబ్ దీన్ని సొంతంగా పెట్టుకోవద్దు. డబ్బు కట్టి, ఈ సాఫ్ట్‌వేర్ వెనకున్న డెల్టాబ్లాట్ కంపెనీ హోస్టింగ్ తీసుకోవడం నయం. జినోమ్ వ్యాలీలో జీఎంపీ (మందుల తయారీ నాణ్యతా నియమాలు) కింద పనిచేసే క్వాలిటీ ల్యాబ్‌లైతే, సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందని చూపే వ్యాలిడేషన్ పత్రాలన్నీ తామే తయారు చేసుకోవాలి. ఆ పని లెక్కేస్తే ఉచితం అన్న మాటకు అర్థం లేదు.