నొక్కితే వెలిగే మామూలు టార్చా, ఆరేడు మోడ్ల టార్చా: ఇంటికి ఏది మేలు?

వానాకాలం దగ్గరపడితే చుట్టాల నుంచీ తెలిసినవాళ్ళ నుంచీ నాకు వచ్చే ప్రశ్న ఒకటే: "ఇంట్లోకి మంచి టార్చిలైటు ఏదైనా చెప్పు." ఒక లింకు పంపేసి ఊరుకోవచ్చు. కానీ వెంటనే రెండో ప్రశ్న వస్తుంది: "నొక్కితే వెలిగి, నొక్కితే ఆరిపోయే మామూలుది కొనాలా, ఎక్కువ, తక్కువ, బ్లింకింగ్ (మినుకు మినుకుమనడం) అంటూ ఆరేడు మోడ్లు ఉండేది కొనాలా?" ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పేకంటే ఒకసారి వివరంగా రాయడం మంచిదనిపించింది.

ముందుగా ఒక మాట. మామూలు వాడకానికి సరిపడా వెలుగు ఈ రెండు రకాల్లోనూ దొరుకుతుంది. ఎల్ఈడీలు వచ్చాక మూడు నాలుగు వందల టార్చి కూడా మన చిన్నప్పటి మూడు సెల్లుల బ్యాటరీ లైటు కంటే తెల్లగా, ఎక్కువసేపు వెలుగుతోంది. కాబట్టి డబ్బా మీది ల్యూమెన్ల (టార్చి ఇచ్చే మొత్తం వెలుగుకు కొలత) అంకెను పట్టుకుని ఎంచుకోవద్దు. చవక టార్చిల మీద కనిపించే "9900 ఎంఏహెచ్" లాంటి అంకెల్ని (సెల్లులో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత ఇది) అసలు నమ్మొద్దు. వాటిలో వాడే 18650 లిథియం సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అంత చోటులో పట్టేది, మంచి కంపెనీ సెల్లులోనైనా, సాధారణంగా 3500 ఎంఏహెచ్ దరిదాపుల్లోనే. అలాగే "200 మీటర్ల దూరం" అని రాసి ఉంటే అక్కడ పేపరు చదువుకోవచ్చని కాదు. టార్చిల కొలతల కోసం 2009లో వచ్చిన ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం, పౌర్ణమి వెన్నెలంత వెలుగు పడే చోటు వరకూ లెక్కగట్టేదే ఆ దూరం. వెలిగే సమయం కూడా అంతే, మొదట్లో ఉన్న వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా లెక్కేస్తారు.

నేను చూసేది వేరే. కళ్ళు మూసుకుని టార్చి చేతిలోకి తీసుకుని నొక్కితే ఏ వెలుగు వస్తుంది? రేపు నొక్కినా అదే వస్తుందా? నా బదులు మా అమ్మ నొక్కినా అదే వస్తుందా? ఇంటి టార్చికి ఇంతకు మించిన పరీక్ష లేదని నా నమ్మకం.

టార్చిని మనం తీరిగ్గా కూర్చుని వాడం. కరెంటు పోయినప్పుడు, పెరట్లో ఏదో సరసరమన్నప్పుడు, అర్ధరాత్రి కుక్కలు ఆగకుండా మొరుగుతున్నప్పుడు ఎవరి చేతికి అందితే వాళ్ళు తీసి నొక్కుతారు. పల్లెల్లో అయితే ఇది ప్రాణాలతో ముడిపడ్డ సంగతి. వ్యవసాయానికి కరెంటు విడతలవారీగా, అందులో ఒక విడత రాత్రిపూట వచ్చిన రోజుల్లో, రైతులు అర్ధరాత్రి మోటారు వేయడానికి గట్ల మీద నడిచి వెళ్ళేవాళ్ళు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ అవసరం తగ్గింది కానీ, తెల్లవారుజామున నీళ్ళు మళ్ళించడానికి, పశువుల పాక చూసిరావడానికి వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కట్లపాము తిరిగేది రాత్రే. రక్తపింజర గడ్డిలో, ఆకుల్లో కలిసిపోయి కదలకుండా పడుంటుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ పేరూ ఉంది. అడుగు వేయబోయే చోట నిలకడగా వెలుగు పడాలి. ఆ సమయంలో టార్చి టపటపా కొట్టుకుంటే అది లేనట్టే.

మల్టీ మోడ్ టార్చిలతో నాకున్న పేచీ సరిగ్గా ఇక్కడే. వాటి లోపల ఒక చిన్న సర్క్యూటు ఉంటుంది. చవక రకాల్లో చాలావరకు, టార్చిని ఆర్పి ఒకటి రెండు సెకన్లలోపు మళ్ళీ వెలిగిస్తే, మనం మోడ్ మార్చమన్నామని అది అనుకుంటుంది. ఎక్కువ నుంచి తక్కువకు, తక్కువ నుంచి బ్లింకింగ్‌కు వెళ్ళిపోతుంది. కంగారులో రెండు మూడుసార్లు నొక్కేవాళ్ళకు సరిగ్గా కావలసినప్పుడే కావలసిన వెలుగు దొరకదు. కొన్నిట్లో బటన్ పూర్తిగా నొక్కాల్సిన పని కూడా లేదు, నడుస్తుండగా బొటనవేలు కాస్త ఒత్తుకున్నా మోడ్ మారుతుంది. మెమరీ ఉన్నవి ఆర్పినప్పటి మోడ్‌లోనే మళ్ళీ వెలుగుతాయి. పిల్లలు ఆడుకుని బ్లింకింగ్‌లో ఆర్పేసి పెడితే, రాత్రి మన చేతికి బ్లింకింగే వస్తుంది. ఇంకొన్ని అయితే ఎప్పుడు ఆర్పినా సరే, తర్వాతి మోడ్‌తో లేస్తాయి. అన్నిటికంటే అధ్వానం ఈ రకం. ఎంత చవకగా వచ్చినా కొనొద్దు.

పెద్దవాళ్ళున్న ఇంట్లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. "ఏరా, ఇది మిణుకు మిణుకుమంటోంది, చెడిపోయిందా? సెల్లు అయిపోయిందా?" అని మా అమ్మ అడిగిందంటే ఆ అడగడంలో తప్పేమీ లేదు. ఆవిడ వాడిన టార్చిలన్నిట్లోనూ మిణుకుమనడమంటే సెల్లు అయిపోవడమో, స్విచ్చి దగ్గర పట్టు వదలడమో. ఏడుసార్లు నొక్కితే మళ్ళీ మొదటికొస్తుందని నేర్పించవచ్చు. కానీ వాడేది నెలకోసారి, అదీ చీకట్లో, గాభరాలో. నేర్చుకున్నది గుర్తుండాలనుకోవడం అన్యాయం. అది టార్చి లోపమే, మనిషిది కాదు.

బ్లింకింగ్ వల్ల అసలు ఉపయోగమే లేదా అంటే, ఉంది. రాత్రిపూట రోడ్డు పక్కన పాదయాత్రగా నడిచేవాళ్ళు లారీ డ్రైవర్ల కంట పడటానికి పనికొస్తుంది. దానికి కూడా వీపు మీద ఎర్రగా మెరిసే చిన్న లైటు తగిలించుకోవడం ఇంకా మంచిది. మూడు పొట్టి, మూడు పొడుగు, మూడు పొట్టి మెరుపులతో ఆపదలో ఉన్నామని చెప్పే ఎస్ఓఎస్ సంకేతం సముద్రంలో వేటకు వెళ్ళేవాళ్ళకు, కొండలెక్కేవాళ్ళకు అవసరం పడవచ్చు. ఇంట్లో మాత్రం సెకనుకు పదిసార్లకు అటూ ఇటూగా కొట్టుకునే ఆ వెలుగులో మెట్టు ఎక్కడుందో అంచనా దొరకదు. మూర్ఛ ఉన్నవాళ్ళలో కొందరికి అలాంటి మెరుపుల వల్లే ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా ఉంది.

అయినా మల్టీ మోడ్‌ను కొట్టిపారేయలేను. ఎక్కువ తక్కువలు మార్చుకోగలగడం నిజంగా గొప్ప సౌకర్యం. చిన్న లెక్క చూడండి. 3000 ఎంఏహెచ్ 18650 సెల్లులో దాదాపు 11 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ఒక వాట్‌కు సుమారు వంద ల్యూమెన్లు వస్తాయనుకుంటే, వెయ్యి ల్యూమెన్లతో వెలిగిస్తే ఒక గంట. అసలు గంటసేపు వెయ్యి ల్యూమెన్లు నిలవవు కూడా, చిన్న టార్చి కొద్ది నిమిషాల్లోనే వేడెక్కి తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో ఇంకా త్వరగా. అదే సెల్లు వంద ల్యూమెన్లతో పది గంటలు, ఇరవై ల్యూమెన్లతో రెండు రోజులు ఆగకుండా వెలుగుతుంది. పైగా కంటికి ఆ తేడా అంకెల్లో ఉన్నంత పెద్దగా కనిపించదు. వెలుగు రెట్టింపయినట్టు అనిపించాలంటే ల్యూమెన్లు సుమారు నాలుగు రెట్లు కావాలి. అందుకే తక్కువ వెలుగుతో మనం పోగొట్టుకునేది తక్కువ, మిగుల్చుకునేది చాలా ఎక్కువ.

తీరప్రాంతం వాళ్ళకు ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకాక, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లాను ముంచెత్తాక రోజుల తరబడి కరెంటు లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ కాలనీల్లో మేడల మీద చిక్కుకున్నవాళ్ళూ చీకట్లోనే గడిపారు. అలాంటప్పుడు ఒక్క హై మాత్రమే ఉన్న టార్చి మొదటి రాత్రికే అయిపోతుంది. తక్కువ మోడ్ ఉన్నది నేల మీద నిలబెట్టి స్లాబు వైపు తిప్పి పెడితే, తెల్ల సున్నం మీద పడ్డ వెలుగు గదంతా పరుచుకుంటుంది. నలుగురూ కూర్చుని అన్నం తినొచ్చు. అదే టార్చి మూడో రాత్రి కూడా పనికొస్తుంది.

పసిబిడ్డ ఉన్న ఇంట్లోనూ అంతే. అర్ధరాత్రి పాలు కలపడానికి మూడు వందల ల్యూమెన్లు వేస్తే బిడ్డ లేస్తుంది, మన కళ్ళూ జిగేలుమంటాయి. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఆ అలవాటు ఒక్కసారి పెద్ద వెలుగు పడితే పోతుంది.

మామూలు టార్చిలో నాకు నచ్చే ఇంకో గుణం, అది ముందే చెబుతుంది. మామూలు సెల్లుల టార్చి మెల్లగా వెలుగు తగ్గుతూ వస్తుంది. సెల్లులు మార్చాలని రెండు మూడు రోజుల ముందే అర్థమవుతుంది. ఆ దశలో సెల్లుల్ని తీసి కాసేపు ఎండలో పెట్టి మళ్ళీ వేసుకున్న ఇళ్ళు ఎన్నో. లిథియం సెల్లుతో నడిచే చాలా మల్టీ మోడ్ టార్చిల్లో సర్క్యూటు వెలుగును చివరిదాకా ఒకేలా నిలబెట్టి, సెల్లు దెబ్బతినకుండా ఒక్కసారిగా ఆపేస్తుంది. సెల్లుకు అది మంచిదే, చీకటి దారి మధ్యలో ఉన్న మనిషికి కాదు. సెల్లులో ఎంత చార్జి మిగిలిందో బటన్ దగ్గర చూపించే చిన్న లైటు ఉన్నది తీసుకుంటే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

మామూలు టార్చి అనగానే ఏదైనా తీసుకోవచ్చని కాదు. వెనక మడతపెట్టే రెండు పిన్నులుండి, నేరుగా ప్లగ్గులో గుచ్చే చవక రకాల్లో చాలావాటిలో చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. నెలల తరబడి చార్జింగ్ పెట్టకుండా వదిలేస్తే అది పాడైపోతుంది. సరిగ్గా తుఫాను రోజున తీసి చూస్తే వెలగదు. పెన్సిల్ సెల్లులతో నడిచేది, లేదా యూఎస్‌బీతో చార్జ్ అయ్యే లిథియం సెల్లుది తీసుకోండి. పెన్సిల్ సెల్లులయితే వాడని నెలల్లో బయటికి తీసి పెట్టండి. లోపలే ఉంటే కారి, స్ప్రింగు తుప్పు పట్టిపోతుంది.

ముందుభాగం లాగితే వెలుగు దగ్గరికొచ్చే జూమ్ టార్చిలు సరదాగా ఉంటాయి. దూరంగా కొబ్బరిచెట్టు మొవ్వు కనిపిస్తుంది, కాళ్ళ దగ్గర చీకటే. నడకకు వద్దు. ఫోన్ టార్చి తాళం వెతుక్కోవడానికి చాలు. తలకు కట్టుకునే లైటు రెండు చేతులతో పని చేసేవాళ్ళకు మంచిది.

మొత్తానికి నేను మా ఇంటికి ఎంచుకున్నది మామూలు రకమే. ఒకే వెలుగు, 150 నుంచి 200 ల్యూమెన్ల మధ్య, కాంతి కాస్త వెడల్పుగా పరుచుకునేది, చీకట్లో వేలికి తగిలే పెద్ద స్విచ్చి. అది తలుపు పక్కన మేకుకు తగిలించి ఉంటుంది, ఎవరైనా తీసుకుంటారు. తక్కువ, ఎక్కువ అని రెండే మోడ్లుండి, ఎప్పుడు నొక్కినా ఒకే మోడ్‌తో మొదలయ్యేది దొరికితే దానికే నా మొదటి ఓటు. కానీ దుకాణాల్లో అలాంటిది అరుదు, అమ్మేవాళ్ళు మోడ్లు ఎక్కువుంటే గొప్ప అనుకుంటున్నారు. తుఫాను ప్రాంతంలో ఉండేవాళ్ళు మామూలుదానికి తోడు మల్టీ మోడ్ ఒకటి అల్మారాలో పెట్టుకోవడం మంచిది. రోజూ వాడే చోట మాత్రం కాదు. ఒక్కటే కొనగలిగితే, మామూలుదే కొనండి.

షాపులో చూసి కొనేటప్పుడు ఎడమచేత్తో పట్టుకుని, చూడకుండా నొక్కండి. ఆర్పి వెంటనే మళ్ళీ నొక్కండి. కాసేపాగి మూడోసారి. మూడుసార్లూ ఒకే వెలుగు రాకపోతే పక్కన పెట్టేయండి. మంచి మల్టీ మోడ్ టార్చిలు కూడా ఈ పరీక్షకు నిలుస్తాయి. వాటిలో బ్లింకింగ్‌ను మామూలు వరసలో కలపకుండా, రెండు మూడుసార్లు టకటకా నొక్కితేగానీ రాకుండా విడిగా పెడతారు.

ఇప్పటికే మోడ్ల టార్చి కొనేసినవాళ్ళు దాన్ని పారేయక్కర్లేదు. కొన్నిట్లో మోడ్ల వరస మార్చుకునే వీలుంటుంది, టార్చితో వచ్చిన కాగితం చూసి బ్లింకింగ్ లేని వరస పెట్టండి. కొన్ని టార్చిల్లో ఉండే ఆండ్యురిల్ 2 అనే సాఫ్ట్‌వేర్ మీ టార్చిలో ఉంటే, ఆర్పి ఉన్నప్పుడు బటన్‌ను వరసగా పదిసార్లు నొక్కితే సింపుల్ యూఐ అనే తేలిక పద్ధతిలోకి వెళ్తుంది. అప్పుడు ఒక నొక్కుకు వెలుగుతుంది, ఒక నొక్కుకు ఆరుతుంది, నొక్కి పట్టుకుంటే వెలుగు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. బ్లింకింగ్ రాదు. ఇంట్లో పెద్దవాళ్ళ చేతికిచ్చే ముందు ఈ పని మీరే చేసి, వాళ్ళతో రెండుసార్లు నొక్కించి చూడండి.