బ్రేక్ ప్యాడ్లు కొంటున్నారా? పెట్టెను నమ్మకండి, లోపలి సరుకును చూడండి

పాత కారును ఫిట్‌నెస్ పరీక్షకు ఇంట్లోనే సిద్ధం చేసుకుంటున్న వారందరికీ ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికిన 'ఒరిజినల్' బ్రేక్ ప్యాడ్లు కొని, నా చేతులతో నేనే బిగించి, మూడు రోజులు ఇంటిల్లిపాదినీ ఆ కారులో తిప్పాను. నాలుగో రోజు కారు పరీక్ష తప్పింది. ఇంటికి వచ్చి చక్రం ఊడదీస్తే, ఎడమవైపు లోపలి ప్యాడ్ మీది లైనింగ్, అంటే రాపిడితో కారును ఆపే పొర, ఇనుప పలకను వదిలేస్తూ కనిపించింది. ఆ మూడు రోజుల్లో ఒక్కసారి గట్టిగా బ్రేక్ వేయాల్సి వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

మా కారుకు పదహారేళ్లు. ఇంజిను ఇప్పటికీ ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. పరీక్షకు నెల ముందే కారు కిందికి దూరి చూసి, చేయాల్సిన పనులు కాగితం మీద రాసుకున్నాను. ముందు ప్యాడ్ల లైనింగ్ 3 మిల్లీమీటర్లకు అరిగింది. హ్యాండ్ బ్రేక్ కేబుల్ సాగింది. ఎడమవైపు టై రాడ్ చివర రబ్బరు బూటు చిరిగింది. ఒక హెడ్‌లైట్ అద్దం మసకబారింది. సైలెన్సర్ అతుకు దగ్గర పొగ కారుతోంది. ఓపిక, సరైన పనిముట్లు ఉంటే ఇవన్నీ ఇంటి ముందు చేసుకోగలిగిన పనులే. ఆయిల్, ఫిల్టర్లు, ప్లగ్గులు ఏళ్లుగా నేనే మార్చుకుంటున్నాను, ప్యాడ్లు కూడా అంతకుముందు రెండుసార్లు మార్చాను. పని తెలిసిన చేతికి కూడా నకిలీ సరుకు దొరికితే ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ప్యాడ్లు వచ్చిన పెట్టె చూస్తే ఎవరికీ అనుమానం రాదు. పేరున్న కంపెనీ రంగులు, మెరిసే హోలోగ్రామ్, మా కారు మోడల్‌కు సరిపోయే పార్టు నంబరు అన్నీ ఉన్నాయి. కంపెనీ డీలరు చెప్పిన ధరలో మూడో వంతుకే వచ్చింది. పాత నిల్వ వదిలించుకుంటున్నారేమో అనుకున్నాను. అక్కడే ఆగాల్సింది.

బిగించేటప్పుడు కూడా సూచనలు కనబడ్డాయి. వాటిని ఒక్కొక్కటిగా చెబుతాను, ఎందుకంటే మీకు కనిపించేవీ అవే. ప్యాడ్‌కు రెండు చివర్లా చెవుల్లాంటి భాగాలుంటాయి, అవి బ్రాకెట్ గాడిలో కూర్చుని తేలికగా జరగాలి. ఈ ప్యాడ్ల చెవులు గాడిలో దూరలేదు. పలక అంచుల్లో రంగు ముద్దలు కట్టి ఉంది. ఆకురాయితో రంగు గీకి, చేత్తో జరిపితే సులువుగా కదిలేదాకా చూసి బిగించాను. అసలు కంపెనీ ప్యాడ్‌కు ఆకురాయి పట్టాల్సిన అవసరం అంతకుముందు ఎప్పుడూ రాలేదు. నాలుగు ప్యాడ్లను వరుసగా పెట్టి చూస్తే రెండింటి లైనింగ్ ముదురు బూడిద రంగు, మిగతా రెండు కాస్త గోధుమ ఛాయ. పెట్టె మీద ఉన్న ఆమోద సంఖ్య ప్యాడ్ల మీద ఎక్కడా లేదు. మూడూ చూశాను, మూడింటికీ ఏదో ఒక సర్దుబాటు చెప్పుకున్నాను. పరీక్ష తేదీ దగ్గర పడుతోందన్న తొందర అలా చేయించింది.

బిగించాక, ప్యాడ్లను నొక్కిపట్టే కాలిపర్‌లోని పిస్టన్లు వెనక్కి వెళ్లి ఉంటాయి కాబట్టి కారు కదిలించే ముందే పెడల్‌ను గట్టిపడే వరకు నాలుగైదు సార్లు తొక్కాలి. అదీ చేశాను. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ, మెల్లగా బ్రేక్ వేస్తూ ప్యాడ్లను, చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెమైన డిస్క్‌కు అలవాటు చేశాను. కీచుమని శబ్దం, కాలిన వాసన వచ్చాయి. కొత్త ప్యాడ్లకు మొదట్లో కొంత వాసన రావడం మామూలే. కానీ రెండో రోజుకు పోవాలి, పోలేదు. ఇంకో సంగతి గమనించండి. వేగం రెట్టింపైతే కారును ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. అందుకే గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వీధిలో తిరిగి 'బ్రేకులు బాగున్నాయి' అనుకుంటే, 60లో అవి ఎలా పనిచేస్తాయో తెలుసుకున్నట్టు కాదు.

పరీక్ష కేంద్రంలో ముందు చక్రాలను రోలర్ల మీదికి ఎక్కించారు. రోలర్లు చక్రాలను నెమ్మదిగా తిప్పుతుంటే, మనం బ్రేక్ తొక్కినప్పుడు ఒక్కో చక్రం ఎంత బలంతో అడ్డుకుంటోందో యంత్రం విడివిడిగా కొలుస్తుంది. మొత్తం బలం చాలకపోయినా, కుడి ఎడమల మధ్య తేడా మితిమీరినా కారు తప్పినట్టే. ఒక పక్క గట్టిగా, ఇంకో పక్క మెత్తగా పట్టే కారు బ్రేక్ వేయగానే గట్టిగా పట్టిన వైపుకు లాగేస్తుంది. మా కారు ఎడమ చక్రం బలం కుడిదానిలో సగం కూడా లేదు. అదీ నిలకడగా లేదు, ఎగుడుదిగుడుగా కదిలింది. పరీక్షించిన వ్యక్తి కాగితం నా చేతికిచ్చి, "ఇంటికి నెమ్మదిగా వెళ్లండి సార్. వెళ్లగానే ఆ ఎడమ చక్రం విప్పి చూడండి, రేపటికి వాయిదా వేయకండి" అన్నాడు. అతనికి నేను రుణపడి ఉన్నాను.

చక్రం సందుల్లోంచి చూస్తే మనకు బయటి ప్యాడ్ మాత్రమే కనిపిస్తుంది. పిస్టన్ తోసే లోపలి ప్యాడ్ డిస్క్ వెనక దాగి ఉంటుంది. కాలిపర్ విప్పి ఆ ప్యాడ్‌ను బయటికి తీసి, పక్క నుంచి వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాను. నల్లటి లైనింగ్‌కు, ఇనుప పలకకు మధ్య వెంట్రుకంత గీత. ఒక చివర నుంచి మొదలై సగం పొడవు వరకు పాకింది. సందు కొలిచే సన్నటి ఫీలర్ గేజ్ ఆకును ఆ గీతలో పెడితే అడ్డు లేకుండా లోపలికి జారింది. వేలితో కొంచెం నొక్కగానే మూలనున్న ముక్క బిస్కెట్ విరిగినట్టు విరిగి అరచేతిలో పడింది. దాని కింద పలక మీద అప్పటికే తుప్పు ఉంది. మూడు రోజుల్లో పుట్టిన తుప్పు కాదది. తుప్పు పట్టిన పాత పలకను సరిగ్గా శుభ్రం చేయకుండానే దాని మీద లైనింగ్ అంటించి, పైన రంగు పూశారు.

మంచి ప్యాడ్‌లో పలకను తుప్పు లేకుండా శుభ్రం చేసి, జిగురు పూసి, వేడితో, ఒత్తిడితో లైనింగ్‌ను దాని మీద అచ్చు వేస్తారు. కొన్నింటిలో పలక మీదే చిన్న చిన్న కొక్కేలు లేపి, లైనింగ్ వాటిని పట్టుకునేలా చేస్తారు. పలక మీద తుప్పు ఉంటే జిగురు పట్టుకునేది తుప్పునే. ఆ తుప్పు పొర లేచినప్పుడు లైనింగ్ కూడా దానితోపాటు లేస్తుంది. అలా లైనింగ్ మొత్తం ఊడిపోతే మిగిలేది డిస్క్ మీద రాసుకునే ఇనుము మాత్రమే.

తప్పు నాదేమోనన్న సందేహం నాకూ వచ్చింది. ఎడమ చక్రం సరిగా పట్టకపోవడానికి వేరే కారణాలూ ఉండవచ్చు. కాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకుపోవచ్చు, పిస్టన్ ఇరుక్కోవచ్చు, బ్రేక్ గొట్టం లోపలి పొర చెడి దారి మూసుకుపోవచ్చు, డిస్క్ మీద గ్రీజు పడి ఉండవచ్చు. అందుకే నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న ఒక పెద్దాయనను బతిమాలి పిలిచాను. ఆయన పిన్నులు తీసి చూశారు, పిస్టన్ నొక్కి చూశారు, గొట్టంలోంచి ఆయిల్ ధారగా వస్తోందో లేదో చూశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్యాడ్‌ను చేతిలో పట్టుకుని తిప్పి చూసి, "బాబూ, నీ బిగింపులో తప్పు లేదు. దీన్ని కొనడమే తప్పు" అన్నారు.

అమ్మిన వారికి ఫోటోలు పంపాను. బిగించిన సరుకు వాపసు తీసుకోబోమని మొదటి జవాబు. ప్యాడ్ పగలడానికి మీరు బిగించిన తీరే కారణమని రెండోది. మూడోసారి జవాబే లేదు. పెట్టె ఏదని అడిగితే చూపించడానికి నా దగ్గర లేదు, బిగించిన రోజే చించి పారేశాను. బ్రేకుల సామాను ఏది కొన్నా పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఫోనుతో వీడియో తీయండి. పెట్టెను, బిల్లును పరీక్ష పాసయ్యే దాకా దాచండి. అన్నిటికన్నా ముఖ్యంగా, బిగించక ముందే అనుమానపడండి. బిగించాక మీ మాట ఎవరూ వినరు.

అదే పార్సిల్‌లో బ్రేక్ ఆయిల్ సీసా కూడా తెప్పించాను. మూత తిప్పితే 'టక్' మని తెగాల్సిన వలయం ముందే తెగి ఉంది, మూత కింది రేకు ఓ మూల లేచి ఉంది. అదృష్టవశాత్తూ దాన్ని వాడలేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీస హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. వాలులో వరుసగా బ్రేకులు వేస్తే వేడికి ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలదాకా వెళ్తుంది, కారు ఆగదు. అందుకే మూత తెరిచి ఎన్నాళ్లయిందో తెలియని ఆయిల్ పొయ్యకండి. పేరు ఒకటేలా ఉందని డాట్ 5 కూడా కలపకండి, అది సిలికోన్ రకం, డాట్ 3, డాట్ 4లతో కలవదు. డాట్ 5.1 మాత్రం వాటి కుటుంబానిదే. మీ కారుకు ఏది కావాలో కారులోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీదే రాసి ఉంటుంది.

ఇక ప్యాడ్లు చేతికి రాగానే ఏం చూడాలో చెబుతాను. విడి బ్రేక్ లైనింగుల కోసం ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 90వ నంబరు నిబంధన ఉంది. దాని ప్రకారం ఆమోదం పొందిన ప్యాడ్‌కు వలయంలో 'ఈ' అన్న ఇంగ్లిషు అక్షరం, దాని పక్కన ఆమోదమిచ్చిన దేశానికి కేటాయించిన అంకె, ఆ తర్వాత '90ఆర్' తో మొదలయ్యే సంఖ్య ఉంటాయి. చూడాల్సింది అది పెట్టె మీద ఉందా అని కాదు, పలక మీద ఉందా అని. పెట్టె మీది క్యూఆర్ కోడ్‌ను నమ్మి ఊరుకోకండి. నకిలీ పెట్టె అచ్చు వేసేవాడు నకిలీ పేజీ కూడా పెట్టగలడు. కంపెనీ వెబ్‌సైటు చిరునామా మీరే టైపు చేసి, కోడ్ అక్కడ సరిచూడండి. ప్యాడ్ అంచును వెలుతురులో పెట్టి, లైనింగ్ పలకకు అతుక్కున్న గీత పొడుగునా చూపు పోనివ్వండి. సందు, పగులు, ఊడిన రంగు ఏది కనిపించినా వెనక్కి పంపండి. నాలుగు ప్యాడ్లూ ఒకే రంగులో, ఒకే మందంలో ఉండాలి. చెవులు దూరకపోతే ఆకురాయి తీయకండి, ప్యాడ్‌నే పక్కన పెట్టండి. పాత ప్యాడ్ల ధూళిని గాలితో ఊదకండి, అందులో ఆస్‌బెస్టాస్ ఉండే ప్రమాదం ఉంది. తడిగుడ్డతో తుడవండి.

ప్రతి పార్టూ కంపెనీదే కొనమని నేను చెప్పను. వైపర్ రబ్బరు, బల్బు, ఎయిర్ ఫిల్టర్ చౌకవి కొంటే మహా అయితే పరీక్ష తప్పుతుంది, మళ్లీ వెళ్తాం. బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు, బాల్ జాయింట్లు, టైర్లు అలాంటివి కావు. టైర్ల విషయంలో పక్క గోడ మీద ఉండే నాలుగు అంకెలు చూడండి. '2319' అంటే 2019లో 23వ వారం తయారైందని. కొత్తదంటూ ఏళ్ల తరబడి గోదాములో ఎండిన టైరు అంటగట్టేవారు ఉన్నారు. కారును ఎత్తి నిలిపే స్టాండ్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి, ఆ స్టాండు అతుకులు చూడకుండా దాన్ని కొనకండి.

తర్వాత కంపెనీ డీలరు దగ్గరే ప్యాడ్లు, సీలు చెదరని ఆయిల్ కొన్నాను. అవే కాలిపర్లు, అవే డిస్కులు, అవే గొట్టాలు, అవే నా చేతులు. ప్యాడ్ చెవులు గాడిలో మెత్తగా జారి కూర్చున్నాయి. రెండోసారి రోలర్ల మీద రెండు చక్రాల బలం దాదాపు సమానంగా వచ్చింది, కారు పాసైంది.

అమ్మిన వారి పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా ఉపయోగం లేదు, నేను ఫిర్యాదు చేసిన వారంలోనే ఆ దుకాణం మాయమైంది, అవే ఫోటోలు ఇంకో పేరుతో మళ్లీ కనిపించాయి. ఇటీవల అలాంటి ధరకు ప్యాడ్లు కొని బిగించిన వారు ఎవరైనా ఉంటే, కారు మళ్లీ బయటికి తీయక ముందే చక్రం విప్పి లోపలి ప్యాడ్ అంచు చూడండి. మా ఇంట్లో ఆ నాలుగు ప్యాడ్లూ ఫిర్యాదు తేలేదాకా ఉంటాయి. పాత ఇనుములోకి వెళ్లి మళ్లీ ఏ పెట్టెలోకో ఎక్కకుండా, నాలుగింటి పలకల మీదా ఎర్ర రంగుతో అడ్డంగా గీతలు గీసి పెట్టాను.