అడిలైడ్ గట్టు నుంచి పీఎం పాలెం దాకా: ఇండియా–ఆస్ట్రేలియా మ్యాచ్‌ల వెంట తిరిగిన కబుర్లు

ఇండియా–ఆస్ట్రేలియా మ్యాచ్ చూడ్డానికి ఏ ఊరు వెళ్తే బాగుంటుందని ఎవరైనా అడిగితే, ఏ ఫార్మాట్ అని ఎదురు అడుగుతాను. టీ20కి టికెట్ దొరికితే చాలు, ఊరితో పనిలేదు. సాయంత్రం వెళ్తాం, రాత్రికి కొంపకి చేరతాం. వన్డేకి ఒకరోజు సెలవు పెడితే సరిపోతుంది. టెస్టు అలా కాదు. గది ఎక్కడ, అక్కడి నుంచి గ్రౌండుకి నడిచి వెళ్లగలమా, మధ్యాహ్నం ఎండ ఏ స్టాండు మీద పడుతుంది, మూడో రోజుకే ఆట ముగిస్తే మిగిలిన రెండు రోజులు ఏం చేస్తాం, ఇవన్నీ ముందే చూసుకోవాలి. 2024-25లో ఈ రెండు జట్ల టెస్టు సిరీస్ అయిన బోర్డర్–గవాస్కర్ ట్రోఫీలో అడిలైడ్, మెల్‌బోర్న్, సిడ్నీ టెస్టులు చూసొచ్చాను. ఇవే రెండు దేశాల జట్లు మా విశాఖలో వన్డే, టీ20 ఆడినప్పుడూ, మహిళల ప్రపంచకప్‌లో తలపడినప్పుడూ గ్యాలరీలో ఉన్నాను. ఆ ధైర్యంతోనే ఈ పోలికలు.

విశాఖ నుంచి సింగపూర్ మీదుగా వెళ్లడం తేలిక. హైదరాబాద్ నుంచి కూడా ఎక్కడో ఒకచోట విమానం మారక తప్పదు. వీసా అంతా ఆన్‌లైనే. పచ్చళ్లూ పొడులూ తీసుకెళ్తే విమానంలో ఇచ్చే కార్డులో తప్పకుండా రాయండి. రాస్తే చూసి పంపేస్తారు, దాస్తే జరిమానా. పాలతో చేసిన మిఠాయిల జోలికి అసలు వెళ్లకండి.

అడిలైడ్‌లో ఫ్లడ్‌లైట్ల కింద రాత్రి దాకా సాగే పింక్ బంతి టెస్టుకి నార్త్ టెర్రస్ వెనక సందులో చిన్న హోటల్ గది తీసుకున్నాం. గది ఇరుకే, కిటికీ తెరిస్తే ఎదుటి గోడ. అయినా ఆ ఊళ్లో దానికి మించింది అక్కర్లేదు. రైల్వే స్టేషన్ పక్క నుంచి టోరెన్స్ నది మీద నడకవంతెన దాటితే గ్రౌండే. ఊరి నడిబొడ్డులో ట్రామ్ ఉచితం. ఆట మధ్యాహ్నం రెండున్నరకి మొదలవుతుంది కాబట్టి పొద్దున్న సెంట్రల్ మార్కెట్‌లో తిరిగి, గదికొచ్చి ఇంత అన్నం వండుకుని తిని, తీరిగ్గా బయల్దేరొచ్చు. పడమటి స్టాండ్లలో కూర్చుంటే తొందరగా నీడ వస్తుంది. తూర్పు వైపు తీసుకుంటే సాయంత్రం దాకా కళ్లు చికిలించుకోవాల్సిందే.

నన్నడిగితే రెండూ వద్దు, ఉత్తరాన గడ్డి గట్టు మీద చోటు చూసుకోండి. వెనక పెద్ద పెద్ద మర్రిజాతి చెట్లు, చేత్తో తిప్పే 1911 నాటి స్కోరుబోర్డు, దాని పక్కన చర్చి శిఖరాలు. ఆ బోర్డు చదవడానికి కాస్త అలవాటు పడాలి. పడ్డాక మాత్రం పెద్ద తెర వైపు తల తిరగదు. 2003లో ద్రావిడ్ 233, మన లక్ష్మణ్ 148 కొట్టి 303 పరుగులు జతచేసిందీ, 2020లో మనవాళ్లు 36కే ఆలౌటైందీ ఈ గ్రౌండులోనే.

ఆట మాటకొస్తే, మొదటి బంతికే స్టార్క్ జైస్వాల్‌ని పంపేశాడు. ఆరు వికెట్లు తీశాడు. మనం 180. రాత్రి ఆస్ట్రేలియా ఆడుతుంటే హర్షిత్ రాణా ఓవర్లో ఫ్లడ్‌లైట్లు రెండుసార్లు ఆరిపోయాయి. గట్టు మీదవాళ్లంతా ఫోన్ల లైట్లు వెలిగించి ఈలలు. కరెంటు పోవడం మనకి కొత్త కాదు కాబట్టి మా వరసలో ఎవరూ కదల్లేదు. మర్నాడు ట్రావిస్ హెడ్ 140. 2023 ప్రపంచకప్ అహ్మదాబాద్ ఫైనల్లో 137, అంతకుముందు ఓవల్‌లో టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్లో 163 మనమీద కొట్టినవాడే. అదే హెడ్ ఏప్రిల్, మేల్లో ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ జెర్సీలో ఉప్పల్‌లో బాదుతుంటే మనమే గొంతులు చించుకుంటాం. ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్ అయితే అప్పటికి ఏకంగా మన కెప్టెన్. ఫార్మాట్ మారితే చుట్టరికాలూ మారతాయి. సిరాజ్ హెడ్‌ని బౌల్డ్ చేసి వెళ్లు వెళ్లు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇక అక్కణ్నుంచి సిరాజ్ బంతి పట్టినప్పుడల్లా గ్రౌండంతా బూ అని అరుపు. మాది ఉప్పల్ గొంతు కాకపోయినా ఎదురు అరవక తప్పలేదు. రెండు ఇన్నింగ్స్‌లోనూ మనవైపు అందరికంటే ఎక్కువ కొట్టింది నితీశ్ కుమార్ రెడ్డి, రెండుసార్లూ 42. మూడో రోజు ఆస్ట్రేలియాకి కావాల్సింది 19 పరుగులే. పది వికెట్లతో గెలిచారు. మిగిలిన రోజులకి ట్రామెక్కి గ్లెనెల్గ్ సముద్రం దగ్గరికి వెళ్లాం. బాగానే ఉంది, కానీ భీమిలి బీచ్ చూసినవాళ్లు దానికోసం ప్రత్యేకంగా వెళ్లనక్కర్లేదు.

బ్రిస్బేన్ టెస్టు మెల్‌బోర్న్‌లో బావ వాళ్లింట్లో టీవీలో చూశాను. వాన, హెడ్ 152, మళ్లీ వాన, డ్రా, చివర్లో అశ్విన్ రిటైర్మెంట్. టికెట్ డబ్బులు మిగిలాయని అత్త సంతోషించింది.

బావ వాళ్లది టార్నీట్. పడమటి శివారు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమందంటే, సాయంత్రం నడకకి వెళ్తే రెండు సందులు దాటేలోగా ఎవరో ఒకరు మన ఊరేదని అడుగుతారు. గోంగూర, ములక్కాడ, ఇడ్లీరవ్వ అన్నీ దొరుకుతాయి. చుట్టాలింట్లో ఉంటే ఖర్చు కలిసొస్తుంది గానీ రోజూ రైలెక్కాలి. టార్నీట్ నుంచి సదరన్ క్రాస్‌కి అరగంటలోపే, కాకపోతే ఆ రైలు దొరకడమే పని. రద్దీ మన సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌ని గుర్తుచేస్తుంది. ఒక రోజు ప్లాట్‌ఫారం మీదే సగం సెషన్ ఫోన్లో చూశాం. కుటుంబంతో వెళ్తే ఆ అయిదు రోజులకైనా ఊళ్లో గది తీసుకోమంటాను. ఫ్లిండర్స్ స్ట్రీట్ దగ్గర ఉంటే యారా నది పక్కన నడుచుకుంటూ మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ ఎంసీజీకి వెళ్లిపోవచ్చు. నడిబొడ్డులో ట్రామ్ ఇక్కడా ఉచితమే. ఆ గీత దాటితే మైకీ అనే ప్రయాణ కార్డు కావాలి, మేం వెళ్లినప్పుడు బ్యాంకు కార్డు గీకితే పనిచేసేది కాదు.

ఎంసీజీలో సీట్లు ఎంచుకునేటప్పుడు మనవాళ్లు సాధారణంగా బోల్తాపడేది ఒక్కచోటే. అక్కడ సూర్యుడు ఉత్తరం వైపు నుంచి కొడతాడు. దక్షిణాన ఉన్న షేన్ వార్న్ స్టాండ్ కింది వరసలు చవగ్గా వస్తే, ఎందుకు చవకో బాక్సింగ్ డే నాడు తెలుస్తుంది. ఆ రోజు ఎండ మండిపోయింది. 87,242 మంది మధ్యలో, టోపీ కింద తడి తువాలు. ఎదురుగా పందొమ్మిదేళ్ల కొన్‌స్టాస్ బుమ్రా బంతిని వెనక్కి ఎత్తి సిక్స్ కొడుతుంటే నా పక్కనున్న పెద్దాయన తన బీరు మర్చిపోయాడు. మూడో రోజుకి అదే చోట స్వెట్టరు వేసుకున్నాం. ఆ ఊరి వాతావరణం అంతే, సంచిలో రెండూ ఉండాలి.

బయట తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు. గాజుసీసాలు, డబ్బా డ్రింకులు, మందు తప్ప. ఇది చాలా పెద్ద వరం, ఎందుకంటే లోపల పైలు, చిప్స్ ధరలు చూస్తే ఆకలి చస్తుంది. అత్త రోజూ పులిహోర కట్టేది. గేటు దగ్గర సంచి తెరిచి చూసిన అమ్మాయి మూత వాసన చూసి నవ్వి పంపేసేది. బాత్రూములు శుభ్రం, మంచినీళ్లు కుళాయి దగ్గర ఎన్నిసార్లు పట్టుకున్నా ఎవరూ ఏమనరు. పిచ్చిగా అరిచేవాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి ఫోన్ మెసేజ్ పెడితే చాలు, సెక్యూరిటీవాళ్లు వచ్చేస్తారు. 2021లో సిడ్నీలో సిరాజ్‌కి ఎదురైన జాతి దూషణ తర్వాత ఈ విషయంలో అక్కడివాళ్లు నిజంగానే జాగ్రత్తగా ఉంటున్నారనిపించింది.

డిసెంబరు 28 గురించి ఎంత రాసినా తక్కువే. ఆస్ట్రేలియా 474. మనం 191 పరుగులకి ఆరు వికెట్లు, 221కి ఏడు. ఫాలో ఆన్, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగుకి దిగాల్సిరావడం, తప్పుతుందా అని లెక్కలు వేస్తున్నాం. ఎనిమిదో నంబరులో దిగిన ఇరవై ఒక్క ఏళ్ల నితీశ్, సుందర్‌తో కలిసి 127 పరుగులు జతచేశాడు. యాభై అయినప్పుడు బ్యాటుని గడ్డం కింద నుంచి పోనిచ్చాడు. ఆ సైగ ఎక్కడిదో స్టేడియంలో సగంమందికి తెలీదు, తెలిసిన సగం మాత్రం లేచి నిలబడింది. తర్వాత సుందర్ 50కి ఔట్. నితీశ్ 99 మీద ఉండగా బుమ్రా సున్నాకి ఔట్. మిగిలింది సిరాజ్. ఎదురుగా కమిన్స్, ఓవర్లో ఇంకా మూడు బంతులు. గాజువాక కుర్రాడి సెంచరీ హైదరాబాద్ బౌలర్ బ్యాటు మీద ఆధారపడి ఉంది. బావ కుర్చీలోంచి లేవనంటాడు, లేస్తే వికెట్ పడుతుందని. ఒక్కో బంతి ఆపినప్పుడు సిరాజ్‌కి వచ్చిన చప్పట్లు ఆ రోజు ఎవరి సిక్స్‌కీ రాలేదు. తర్వాతి ఓవర్లో బోలండ్ బంతిని నితీశ్ నేరుగా బౌండరీకి పంపాడు. గ్యాలరీలో తండ్రి ముత్యాలరెడ్డి ఏడుస్తున్న ముఖం తెర మీద కనబడేసరికి మా వరసలో మాట్లాడే స్థితిలో ఎవరూ లేరు. కొడుకు క్రికెట్ కోసం హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకున్న మనిషి ఆయన. విశాఖలో అందరం విన్న సంగతే గానీ, అంత దూరంలో ఆ ముఖం చూస్తే అది వేరు.

చివరికి ఓడిపోయాం, 184 పరుగులతో. ఐదో రోజు టీ వేళకి 112కి మూడు. డ్రా అనుకుని బావ ఆఫీసు మెయిళ్లు చూసుకోవడం మొదలెట్టాడు. ఆ తర్వాత 34 పరుగుల్లో ఏడు వికెట్లు. జైస్వాల్ 84 దగ్గర, బ్యాటుకి బంతి తగిలిన చప్పుడు పట్టే స్నికోలో ఏ గీతా లేకుండా ఔటిచ్చారని మావాళ్లు ఇప్పటికీ గొడవ. నేను తెరమీద చూశాను, బంతి దిశ మారింది. అయిదు రోజులకీ కలిపి వచ్చినవాళ్లు 3,73,691 మంది. ఆ గ్రౌండులో ఏ టెస్టుకీ అంతమంది రాలేదు, 1937లో ఇంగ్లండుతో ఆడిన యాషెస్ టెస్టు రికార్డు దీంతో పోయింది. ఇంగ్లండుతో ఆడేదే అసలు పోటీ అని అక్కడి పెద్దవాళ్లు అంటారు. టికెట్ల లెక్క మాత్రం ఇంకోలా చెబుతోంది.

సిడ్నీ గురించి నా మాట కొంత కటువుగా ఉంటుంది. జనవరి 3న టెస్టు, డిసెంబరు 31న బాణసంచా. హోటళ్లవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? ఎప్పుడో బుక్ చేసుకున్న ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు వారం ముందు రద్దు చేసి, అదే గదిని రెట్టింపు ధరకి మళ్లీ పెట్టారు. డబ్బులు వెనక్కొచ్చాయి, గది రాలేదు. హారిస్ పార్క్‌లో ఒక ఇంటి వెనక పోర్షన్ దొరికింది. మంచం కిర్రుమనేది, కానీ ఇంటావిడ రాత్రి ఏ వేళకొచ్చినా టీ ఇచ్చేది, సందు చివర హైదరాబాదీ బిర్యానీ. రైల్లో సెంట్రల్‌కి, అక్కణ్నుంచి లైట్ రైల్లో మూర్ పార్క్‌కి. గ్రౌండు దాకా రైలు లేదు. ఇక్కడ బ్యాంకు కార్డు గీకితే చాలు.

సిడ్నీ క్రికెట్ గ్రౌండ్ ఎస్సీజీలో మెంబర్స్ పెవిలియన్ 1886 నాటిది. ఆకుపచ్చ ఇనుప కప్పు, చెక్క మెట్లు. లోపలికి మనల్ని రానివ్వరు, ఎదురుగా కూర్చుని చూడాలంతే. లక్ష్మణ్ 2000లో 167, 2004లో 178 కొట్టింది ఇక్కడే. 2021లో తొడ కండరం పట్టేసినా హనుమ విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్ కాపాడిందీ ఇక్కడే. ఆ ఇన్నింగ్స్ టీ20 కళ్లతో చూస్తే ఏమీ కనబడదు. మా మ్యాచ్ అయితే మూడు రోజుల్లో తేలిపోయింది. పంత్ 33 బంతుల్లో 61, బోలండ్ పది వికెట్లు, వెన్ను పట్టేసి బుమ్రా చివరి ఇన్నింగ్స్‌లో బంతే వేయలేదు. రొమ్ము క్యాన్సర్ రోగులకి సాయపడే మెక్‌గ్రాత్ ఫౌండేషన్ కోసం గ్రౌండంతా గులాబీ రంగు వేసుకున్న రోజున, ఆరు వికెట్లతో ఓడి 3-1తో ట్రోఫీ ఇచ్చేశాం. ఇచ్చేటప్పుడు బోర్డర్ ఒక్కడే వేదిక మీద. గవాస్కర్ ఆ గ్రౌండులోనే ఉన్నాడు, పిలవలేదు. ఇద్దరి పేరూ ఉన్న ట్రోఫీకి అదేం మర్యాదో నాకు అర్థం కాలేదు.

మళ్లీ డబ్బు పెట్టి వెళ్లేది అడిలైడ్‌కే. సిడ్నీ టీవీలో చాలు. మెల్‌బోర్న్‌కి అయితే చుట్టాలుండాలి, లేదా నితీశ్ ఆడుతుండాలి.

మన దగ్గరికొస్తే, విశాఖ పీఎం పాలెం స్టేడియంలో 2023 మార్చిలో వన్డే చూశాను. స్టార్క్ అయిదు వికెట్లు, మనం 117, వాళ్లు 11 ఓవర్లలో వికెట్ పడకుండా కొట్టేశారు. రాత్రి దాకా ఉంటామని మధురవాడలో గది తీసుకున్నవాళ్లు చీకటి పడకముందే చెకౌట్ గురించి అడిగారు. అదే ఏడు నవంబరులో, ప్రపంచకప్ ఫైనల్ ఓడిన నాలుగో రోజు, టీ20. ఇంగ్లిస్ 110, సూర్య 80, ఆఖరి బంతికి రింకూ సిక్స్. అది నోబాల్ కాబట్టి సిక్స్ లెక్కలోకి రాలేదు, మ్యాచ్ మాత్రం వచ్చింది. ఫైనల్ దెబ్బకి అది మందా అంటే కాదు. కానీ ఆ రాత్రి హైవే మీద నడిచిన జనానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

2025 అక్టోబరు 12న మహిళల మ్యాచ్‌కి వెళ్లేసరికి మిథాలీ రాజ్ పేరుతో స్టాండ్, రావి కల్పన పేరుతో గేటు. మనం 330 కొట్టినా ఆస్ట్రేలియా ఓపెనర్ హీలీ 142తో లాగేసింది. దాని బాకీ నవీ ముంబయి సెమీఫైనల్లో జెమీమా 127తో తీర్చింది, అది టీవీలో చూశాను. ఆట అడిలైడ్‌కి ఏమాత్రం తీసిపోదు. తేడా అంతా గేటు దగ్గరే. ఇక్కడ నీళ్లసీసా కూడా లోపలికి రానివ్వరు. కొనుక్కుందామంటే కౌంటరు దగ్గర రెండు ఓవర్లు పోతాయి. ఆట అయ్యాక ఆటోవాళ్లు మద్దిలపాలేనికి అడిగే రేటు సింగపూర్ టికెట్‌కి బేరం మొదలెట్టినట్టుంటుంది. కారు షెడ్ జంక్షన్ వైపు కాస్త ముందుకి నడవండి, అక్కడ సిటీ బస్సు దొరుకుతుంది.