వెదురు స్టారా, మడత స్టారా, ఎల్ఈడీ స్టారా: మీ ఇంటికి ఏది మేలు?

డిసెంబరు మొదటి వారానికల్లా ఇంటి ముందు క్రిస్మస్ స్టారు వెలగాలి. ఏ స్టారు అన్న దగ్గరే తగువు మొదలవుతుంది. వెలుతురు ఒక్కటే చాలనుకుంటే మూడింటికీ పెద్ద తేడా లేదు. అయితే పిల్లలు పెద్దయ్యాక క్రిస్మస్ అనగానే పొట్ట పట్టుకుని నవ్వుకునేది స్టారు కట్టిన సాయంత్రం ఎవరు ఎవరిమీద అలిగారో తలచుకునే. అందుకే ఇంటి వైశాల్యం కంటే ఇంట్లో వాళ్ల తిక్కను చూసి స్టారు ఎంచుకోవడం మంచిది.

ముందు వెదురు స్టారు సంగతి. మూడడుగుల స్టారుకి మూడడుగుల బద్దలు పది, ఆరంగుళాల ముక్కలు ఐదు కావాలి. బద్ద అరంగుళం వెడల్పు ఉంటే చాలు. మేదరవాళ్లను అడిగితే చీల్చి ఇస్తారు. మరీ పచ్చి వెదురు తెస్తే ఆరేకొద్దీ కుంచించుకుపోయి కట్లు వదులవుతాయి. మరీ ఎండినదైతే వంచగానే ఫట్‌మంటుంది. కోసి కొన్నాళ్లు నీడన ఆరినది సరైనది.

ఇక్కడే కొలతల తాతయ్య రంగంలోకి దిగుతాడు. దిగనివ్వండి, ఆయనదే రైటు. ప్రతి బద్దకీ రెండు కొసల నుంచీ పదమూడు ముప్పావు అంగుళాల దగ్గర పెన్సిలుతో గీత పెట్టాలి. నడుమ ఎనిమిదిన్నర అంగుళాలు మిగులుతుంది. ఐదు బద్దల్నీ ఒకదాని కిందా మీదా పోనిస్తూ పేర్చి, గీత మీద గీత పడేలా పురికొసతో కడితే ఐదు కోణాలూ వాటంతట అవే సమానంగా వస్తాయి. పెద్ద స్టారు కావాలంటే బద్ద పొడవులో నూటికి 38 వంతుల దగ్గర గీత పెట్టుకోవాలి. ‘కొలతెందుకు, కంటి చూపు చాలు’ అనే పెదనాన్న చేతిలో పడితే ఒక కాలు పొడుగై, స్టారు ఈతకొడుతున్నట్టు తయారవుతుంది. వచ్చే పదేళ్లూ ఆ ఇంట్లో అదే జోకు.

ఇలాంటివి రెండు చేసి, కొసకు కొస కలిపి ఐదు చోట్ల కట్టాలి. తర్వాత లోపలి ఐదు కూడళ్ల దగ్గర ముందు స్టారుకీ వెనక స్టారుకీ మధ్య ఆరంగుళాల ముక్కలు నిలబెడితే స్టారు ఉబ్బుతుంది. ముక్క మరీ పొడుగైతే కొసల దగ్గర కట్లు తెగుతాయి. ఈ పని ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు వంచి పట్టుకోవాలి, ఒకరు ముక్క దూర్చాలి, ఒకరు కట్టాలి. ఎవరో ఒకరు తుమ్ముతారు, అంతా ఊడివస్తుంది.

కాగితాలు ముందు ఆరు, వెనక ఆరు, పక్కలకి సన్నని ముక్కోణాలు పది, మొత్తం 22 ముక్కలు. గాలిపటాల కాగితానికి మైదా జిగురు బాగా పడుతుంది. రెండు చెంచాల మైదాని ముందు గ్లాసుడు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద తిప్పుతూ పాలరంగు పోయి మెరుపు వచ్చేదాకా ఉడికించాలి. వేడినీళ్లలో పిండి వేస్తే ఉండలే మిగులుతాయి. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసేవాళ్లున్నారు. అది విషం. వేళ్లు నాకే వయసు పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోవద్దు. అది వేయకపోతే బొద్దింకలు వస్తాయి, స్టారు అందే ఎత్తులో ఉంటే మేకలూ వస్తాయి.

మన డెల్టా మంచుకి గాలిపటాల కాగితం పది రోజుల్లో ఉసూరుమంటుంది. గ్లాసు పేపరు, అంటే అవతలివి కనిపించే రంగు సెల్లోఫేను, మంచుకి తట్టుకుంటుంది గానీ జిగురు ఆరగానే పెచ్చులా లేచిపోతుంది. దాన్ని బద్ద చుట్టూ అంగుళం మేర మడిచి సెల్లోటేపు వేయాలి. రంగుల విషయంలో మేనత్తలతో వాదించి గెలిచినవాళ్లు లేరు. ఎరుపు కాళ్లకి పసుపు నడుము అనేసి ఊరుకోవడం క్షేమం.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు వేరే ఉంది. 22 ముక్కలూ ముచ్చటగా అతికించి, అందరూ టీలు తాగేసి, అప్పుడు చూసుకుంటే బల్బు హోల్డరు బయటే ఉంటుంది. అందుకే ముందు హోల్డరుని లోపలి వెదురు ముక్కలకి కట్టి, పక్కనున్న ఒక ముక్కోణాన్ని ఒకవైపు మాత్రమే అతికించి తలుపులా వదలాలి. పాత 60 వాట్ల బల్బు వద్దు. ఆ వేడికి కాగితం కమిలిపోతుంది, బల్బుకి తగిలితే అంటుకుంటుంది కూడా. ఐదు వాట్ల ఎల్ఈడీ బల్బు సరిపోతుంది. కరెంటు బాబాయి స్టూలెక్కి ‘స్విచ్ వేయకండ్రా’ అని అరిస్తే, ఆ మాటలో ‘వేయండ్రా’ మాత్రమే వినపడే పిల్లాడు ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి జేబులో వేసుకోవాలి. స్టారుని పై కొస ఒక్కదానికే వేలాడదీస్తే గాలికి గిర్రున తిరిగి వైరు మెలిపడుతుంది. కింది రెండు కాళ్లకీ తాళ్లు కట్టి లాగి బిగించాలి. గెడ మీద ఎత్తేటప్పుడు పైన కరెంటు తీగలున్నాయేమో చూసుకోవాలి, మంచుకి తడిసిన వెదురుని నమ్మడానికి లేదు.

ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్‌కి కట్టే పరోల్ అనే నక్షత్రం కూడా పాత పద్ధతిలో ఇలా వెదురూ కాగితమే. అక్కడి బాబాయిలు ఎలాంటివాళ్లో మరి.

మడత స్టారు కథ చిన్నది. దుకాణంలో అట్టలా మడిచి ఉంటుంది. విప్పి, రెండు అంచులూ కలిపి, బెజ్జాల్లో దారం కట్టి, బల్బు దూర్చితే పది నిమిషాల్లో అయిపోతుంది. తగువుకి వ్యవధి ఉండదు. కాగితాన్ని మడిచి నక్షత్రం చేయడం తక్కువ విద్యేమీ కాదు. జర్మనీలోని నీస్కీ ఊళ్లో మొరావియన్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ల బడిలో 1830ల్లో జామెట్రీ పాఠం కోసం కాగితపు నక్షత్రాలు చేయించేవారు. మన మడత స్టారులో ఆ కష్టమంతా ముందే ఎవరో పడి ఉంటారు, అంతే. మడతలున్న చోటే చిరగడం దీని జబ్బు. తీసేటప్పుడు ఏ మడత ఎటుందో అటే మడిచి, బీరువా వెనక కాకుండా పైన పెడితే రెండు మూడేళ్లు వస్తుంది. బీరువా వెనక ఎలుకలుంటాయి. బాల్కనీ ఉన్న అపార్టుమెంటుకీ, పండక్కి ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లకీ, ఇంటింటా పాటలు పాడే కేరల్స్ రౌండ్లకీ తిరిగి అలసిపోయిన ఇంటికీ ఇది బాగుంటుంది.

ఎల్ఈడీ స్టారు తడవదు, చిరగదు, మేక తినదు. తగిలించి ప్లగ్గు పెట్టడమే. అడాప్టరు మాత్రం వానపడని చోట ఉండాలి. దీనిలో బల్బులు వరసలుగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి పోతే ఆ వరసంతా ఆరిపోతుంది. రెండో ఏడాదికి చాలా ఇళ్లలో నాలుగు కాళ్ల స్టారే మిగులుతుంది. దాన్ని బాగుచేయించాలని నాన్నా, పారేయాలని అమ్మా పట్టుబడితే ఆ కుంటి స్టారే ఇంకో మూడేళ్లు వెలుగుతుంది. ఆ రకంగా దీనికీ కొంత చరిత్ర ఏర్పడుతుందనుకోండి.

మా ఓటు ఎటంటారా? ఇంట్లో పట్టుకోవడానికి నాలుగు జతల చేతులూ, మాట వినని మొండివాళ్లు కనీసం ఇద్దరూ ఉంటే కళ్లు మూసుకుని వెదురు. ముగ్గురే ఉన్న ఇంట్లో వెదురు పెట్టుకుంటే నవ్వు రాకముందే ఓపిక అయిపోతుంది, మడత స్టారు తెచ్చుకోండి. తాతయ్య ఒక్కరే ఉండి, పిల్లలు క్రిస్మస్ ముందు రోజు రాత్రి బస్సు దిగే ఇంటికి ఎల్ఈడీ నయం, స్టూలెక్కే పని ఒక్కసారితో పోతుంది.

వెదురు కట్టినవాళ్లు జనవరి మొదటి వారంలో కాగితం చింపేసి, చట్రాన్ని తడిగుడ్డతో తుడిచి, జిగురు మరకలు పోయాక అటక మీద పడుకోబెట్టాలి. నిలబెడితే ఒక పక్కకి వంగుతుంది. మరుసటి ఏడు ఆ చట్రానికి కట్లు బిగించుకుని, 22 కాగితాలు మారిస్తే చాలు.