లేపాక్షిలో నందికి ఆటో ఎక్కకండి

లేపాక్షి వెళ్లేవాళ్లకు ముందే చెబుతున్నా, గుడి దగ్గర్నుంచి నందికి ఆటో మాట్లాడుకోకండి. "చాలా దూరం మేడమ్, పెద్దవాళ్లు ఈ ఎండలో నడవలేరు" అని ఒకతను 150 రూపాయలు తీసుకున్నాడు. అత్తయ్య చీర కుచ్చిళ్లు సర్దుకునేలోపే దింపేశాడు. గుడి వైపు నుంచి జనం కబుర్లు చెప్పుకుంటూ నడిచే వస్తున్నారు. "దీనికి నూటయాభయ్యా?" అని అత్తయ్య నిలదీస్తే అతను ఫోన్ చూసుకుంటున్నాడు. "ఇచ్చేశాం కదా, వదిలెయ్" అని మావారు. వదిలేయడం నాకు చేతకాదు.

నంది మాత్రం నంది. ఒకే రాయిలో 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. మెడలో గంటల పట్టీ చూస్తూ కోపం కాసేపు మర్చిపోయాను.

బయటికొస్తే ఒక కొట్టు గోడకు పసుపు బోర్డు ఆనించి ఉంది. గుడికి నడక దారి, ఎన్ని నిమిషాలు, మంచినీళ్లెక్కడ, టాయిలెట్ ఎక్కడ, అన్నీ తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లిష్‌లలో ఉన్నాయి. బెంగళూరు నుంచి మాతో వచ్చిన పక్కింటి ఆంటీకి కన్నడ తప్ప చదవడం రాదు. అప్పటిదాకా ప్రతిదానికీ నన్ను అడుగుతూ నొచ్చుకుంటున్న ఆవిడ, అక్కణ్నుంచి మా అందరికీ ముందు నడిచారు.

తర్వాతి మలుపులో ఇద్దరమ్మాయిలు ఇంకో బోర్డుకు రంగు వేస్తున్నారు. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ వాళ్లట. ముందు గుడి చరిత్ర రాద్దామనుకున్నారట. కానీ ఆదివారాలు ఇక్కడ నిలబడి వచ్చినవాళ్లను అడిగితే, చరిత్ర అడిగినవాళ్లు తక్కువ. టాయిలెట్, నీళ్లు, హిందూపురం బస్సు, నంది ఎటు, ఇవే ప్రశ్నలు. కన్నడం ఇంట్లో మాట్లాడే క్లాస్‌మేట్ రాస్తే వాళ్ల అవ్వ దిద్దిందట. గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంది కాబట్టి అక్కడ ఇష్టమొచ్చినట్టు స్తంభాలు పాతడానికి కుదరదు. అందుకే కొట్ల వాళ్లను బతిమాలి గోడలకు ఆనిస్తున్నారు, రాత్రికి లోపల పెట్టిస్తున్నారు. ఒక కొట్టాయన మాత్రం బాణం గుర్తు మీద చిప్స్ ప్యాకెట్ల దండ వేలాడదీశాడు. ఆ అమ్మాయిల్లో ఒకమ్మాయి వెళ్లి పక్కకు జరిపింది, మేం నాలుగడుగులు వేసేసరికి ఆయన మళ్లీ ముందుకు లాగాడు!

లోపాలు లేవని కాదు. హిందీ అక్షరాలు మరీ చిన్నవి. క్యూఆర్ కోడ్ నా ఫోన్‌లో తెరుచుకోలేదు, అత్తయ్యకు స్మార్ట్‌ఫోనే లేదు. అయినా గుడి దగ్గరి బోర్డులో లోపల ఏమేం చూడాలో వరసగా రాశారు కాబట్టి, 500 అడిగిన గైడును వద్దన్నాం. వేలాడే స్తంభం కింద గుడ్డ లాగడానికి అందరూ ఎగబడతారు. మీరు ముందు నాట్యమండపంలో తలెత్తి పైకప్పు బొమ్మలు చూడండి. విజయనగర కాలపు రంగులు, చీరల అంచులతో సహా. అసంపూర్తిగా మిగిలిన కల్యాణమండపం దగ్గర ఆంటీ, అత్తయ్య చెరో భాషలో మాట్లాడుకుంటూ గంటసేపు కూర్చున్నారు. నేను పిలిచినా లేవలేదు.

ఇక హిందూపురంలో బస. గది 1,600, దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. పొద్దున ఏడున్నరకు వేడినీళ్లు అడిగితే, ఏడింటికే ఆపేస్తామన్నారు. కౌంటర్ వెనక ఇంగ్లిష్‌లో రాసి ఉందట, చూసుకోవాలట. అది కూడా క్యాలెండర్ చాటున! తెలుగులో ఒక్క ముక్క రాయొచ్చుగా అంటే ఆ కుర్రాడు నవ్వాడు. అత్తయ్య చన్నీళ్లు పోసుకుని బెంగళూరు దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. బెంగళూరు వాళ్లయితే పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేయండి, ఆ 1,600 మిగులుతాయి.