‘అన్ని కీబోర్డులకూ సరిపోతాయి’ అనే నోట్ స్టిక్కర్లతో జాగ్రత్త, ఒలిచే ముందే చూసుకోండి

పియానో మీటల మీద నోట్స్ (స్వరాల) పేర్లు, అంటే ‘ఎ’ నుంచి ‘జి’ దాకా ఉండే అక్షరాలు, అంటించే స్టిక్కర్లు కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు కవర్ చింపే ముందు ఇది చదవండి. అట్ట మీద ‘49, 61, 76, 88 మీటలన్నిటికీ సరిపోతాయి’ అని ఉంటుంది. లోపల ఉండేది మాత్రం 88 మీటల పియానోకి తయారుచేసిన ఒకే ఒక్క సెట్టు. మీ కీబోర్డుకి వాటిలో ఎక్కడ మొదలుపెట్టాలి, ఏవి పక్కన పెట్టాలి అన్నది చెప్పకుండానే అమ్మేస్తుంటారు. తప్పుగా అంటించారని కనిపెట్టాలంటే నోట్స్ పేర్లు ముందే తెలిసి ఉండాలి. ఈ స్టిక్కర్లు కొనేది అవి తెలియనివాళ్లే. అందుకే ఈ పొరపాటు ఎన్నాళ్లయినా బయటపడదు, పిల్లలు తప్పు పేర్లే కంఠతా పట్టేస్తారు.

88 మీటల పియానోలో ఎడమ చివరి మీట ‘ఎ’. 61 మీటల కీబోర్డులో ఎడమ చివరి మీట సాధారణంగా ‘సి’. మొదటి స్టిక్కర్ తీసి మొదటి మీట మీద పెడితే సి మీద ‘ఎ’, డి మీద ‘బి’, ఇ మీద ‘సి’ పడతాయి. అక్కడి నుంచి కుడి చివరిదాకా ఒక్కటీ సరైనది ఉండదు. ఇప్పటికే అంటించేసినవాళ్లు ఒక్కటి చూడండి: ‘సి’, ‘డి’ అని ఉన్న రెండు తెల్ల మీటల మధ్య నల్ల మీట ఉండి తీరాలి. ‘ఇ’, ‘ఎఫ్’ మధ్య, అలాగే ‘బి’, ‘సి’ మధ్య నల్ల మీట ఉండకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా వరస మొత్తం జరిగిపోయినట్టే.

పూర్తి సెట్టులో తెల్ల మీటలకి 52, నల్ల మీటలకి 36 స్టిక్కర్లుంటాయి. ముందు లెక్కపెట్టండి. మీ కీబోర్డు 61 మీటలదై, సితో మొదలై సితో ముగిస్తే తెల్లవాటిలో ఎడమ నుంచి 9 వదిలేయాలి, తర్వాతి 36 అంటించాలి, కుడివైపు 7 మిగలాలి. నల్లవాటిలో ఎడమ నుంచి 6 వదిలి 25 అంటిస్తే 5 మిగులుతాయి. 49 మీటలకి కూడా తెల్లవాటిలో వదిలేవి 9, అంటించేవి 29, మిగిలేవి 14. 76 మీటలవి చాలావరకు ‘ఇ’తో మొదలై ‘జి’తో ముగుస్తాయి. వాటికి తెల్లవాటిలో 4 వదిలి 45 అంటిస్తే 3 మిగులుతాయి. మిగలాల్సిన సంఖ్య మిగల్లేదంటే మధ్యలో ఎక్కడో ఒక స్టిక్కర్ రెండుసార్లు అచ్చయిందనో, ఒకటి రాలేదనో అర్థం.

అక్షరాలతోపాటు అయిదు గీతల మీద నోట్ గుర్తు కూడా వేసిన స్టిక్కర్లయితే ఇంకో ప్రమాదం ఉంది, ఇది పైకి కనిపించదు. 9కి బదులు 2 స్టిక్కర్లు వదిలి మొదలుపెట్టారనుకోండి. మూడో స్టిక్కర్ కూడా ‘సి’నే కాబట్టి అక్షరాలన్నీ సరిగ్గా పడతాయి. గీతల మీది గుర్తులు మాత్రం అన్నీ ఒక ఆక్టేవ్ (ఒక సి నుంచి తర్వాతి సి దాకా ఉండే దూరం) తేడాగా ఉంటాయి. పుస్తకంలో మిడిల్ సి (కీబోర్డు మధ్య దగ్గర ఉండే సి) చూసి పిల్లవాడు వేరే సి నొక్కుతాడు. 49, 61, 76 మీటల్లో మిడిల్ సి ఎడమ నుంచి మూడో ‘సి’, 88 మీటల్లో నాలుగోది. ట్రెబుల్ క్లెఫ్ (పై స్వరాలు రాసే అయిదు గీతలు) కింద ఒక చిన్న గీత మీద, లేదా బాస్ క్లెఫ్ (కింది స్వరాలు రాసే అయిదు గీతలు) పైన ఒక చిన్న గీత మీద ఉన్న గుర్తు దాని మీదే పడాలి. అచ్చుతప్పులు పట్టుకోవడానికి ఇంకో రెండు గుర్తులు చాలు. ట్రెబుల్ క్లెఫ్‌లో కింది నుంచి రెండో గీత ‘జి’, బాస్ క్లెఫ్‌లో రెండు చుక్కల మధ్య ఉన్న గీత ‘ఎఫ్’.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ (స్వరం ఎత్తు కొలిచేది) ఉంటే మిడిల్ సి నొక్కి చూడండి, 261.6 హెర్ట్జ్ దరిదాపుల్లో చూపించాలి. ముందు ట్రాన్స్‌పోజ్, ఆక్టేవ్ బటన్లు (స్వరాల ఎత్తు మార్చేవి) సున్నాలో ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే సరైన మీట కూడా తప్పుగా కనిపిస్తుంది. మిడిల్ సిని కొందరు సి4 అంటారు, కొన్ని కంపెనీలు సి3 అంటాయి. ఆ అంకె ఒక్కటే తేడా ఉంటే దాన్ని లోపంగా లెక్కపెట్టకండి. ‘బి’ ఉండాల్సిన చోట ‘హెచ్’ కనిపిస్తే అది జర్మన్ పద్ధతి సెట్టు. అందులో ‘బి’ అంటే బి ఫ్లాట్, అంటే మన బికి ఎడమ పక్కనున్న నల్ల మీట. ఇంగ్లీష్ పద్ధతి పుస్తకంతో నేర్చుకునేవాళ్లు దాన్ని వెనక్కి పంపేయడమే మంచిది. ‘సరిగమ’ అచ్చువేసినవి అసలే వద్దు. శ్రుతి మారితే ‘స’ వేరే మీటకి వెళ్తుంది, స్టిక్కర్ వెళ్లదు.

అంటించే పని లేకుండా మీటల వెనక పరిచే సిలికాన్ పట్టీలు వస్తున్నాయి. ఆలోచన మంచిదే, కానీ కొలత తప్పితే పనికిరావు. మామూలు సైజు తెల్ల మీట వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు, ఒక సి ఎడమ అంచు నుంచి తర్వాతి సి ఎడమ అంచుకి దాదాపు 164 నుంచి 165. పట్టీ ఆక్టేవ్‌కి 2 మిల్లీమీటర్లు తగ్గినా ఏడు ఆక్టేవ్‌లు దాటేసరికి 14 మిల్లీమీటర్లు, అంటే సగం మీట కంటే ఎక్కువే జరుగుతుంది. అప్పుడు నల్ల మీటల కోసం కోసిన ఖాళీలు మీటల పక్కలకి ఒరుసుకుని, నొక్కిన మీట నెమ్మదిగా పైకి లేస్తుంది. చిన్న మీటల కీబోర్డులకి ఈ పట్టీలు అసలు సరిపోవు. కొనేముందు స్కేలుతో మీ ఆక్టేవ్ కొలవండి, పట్టీ కొలత అమ్మేవాళ్లని అడగండి.

ఇక జిగురు. కాగితం స్టిక్కర్ చెమటకి నాని, అంచులు లేచి, తీసేటప్పుడు పొరలుగా చిరిగి జిగురు మీట మీదే ఉండిపోతుంది. పలచని ప్లాస్టిక్‌వి కొంత నయం. దంతపు మీటలున్న పాత పియానోకి ఏ స్టిక్కరూ అంటించకండి. దంతం మరకలు పీల్చుకుంటుంది, పై పలక కూడా ఊడి రావచ్చు. తీసేటప్పుడు ఒక మూల నుంచి నెమ్మదిగా, మీటకి ఆనించినట్టుగా లాగండి. మిగిలిన జిగురుని వేలితో ఉండచుట్టి, తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో తుడవండి. థిన్నర్, ఆల్కహాల్ వాడితే మీట మెరుపు పోతుంది.

నిజానికి అన్ని మీటలకీ పేర్లు అంటించాల్సిన అవసరమే లేదు. అంటిస్తే కళ్లు అక్షరం వెతుకుతాయి, నల్ల మీటల అమరికని చూడవు. నల్ల మీటలు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. రెండింటి గుంపు మధ్యలో డి, దానికి ఎడమ పక్కన సి, కుడి పక్కన ఇ. మూడింటి గుంపుకి ఎడమ అంచున ఎఫ్, కుడి అంచున బి, లోపల జి, ఎ. ముందు కీబోర్డు అంతటా డిలన్నీ వెతికించండి, తర్వాత సి, ఎఫ్. స్టిక్కర్ పెట్టాలనిపిస్తే మిడిల్ సి మీద ఒకటి, దాని కుడివైపు మొదటి ఎఫ్ మీద ఒకటి చాలు. వేళ్లు తగిలే చోట కాకుండా నల్ల మీటల దగ్గరగా, వెనక్కి అంటించండి. డి, సి, ఎఫ్ చూడగానే చెప్పగలిగిన రోజున తీసేయండి.

సెట్టు ఇప్పటికే చేతికొచ్చి ఉంటే, ఒలవకుండా కీబోర్డు పక్కన పరిచి ఒక ఫోటో తీసుకోండి. స్టిక్కర్ల సంఖ్య, తప్పు అచ్చయినవి అందులో కనిపించాలి. ఒక్కటి ఒలిచినా వాడేసిన వస్తువని చెప్పి వెనక్కి తీసుకోకపోవచ్చు.