దిమ్మె దిగిన నాయకులు: బుడాపెస్టు మెమెంటో పార్కు

బుడాపెస్టు వెళ్లినవాళ్లు దాన్యూబు మీద పడవ షికారు, పార్లమెంటు భవనం, వేడినీటి స్నానశాలలు ఎలాగూ చూస్తారు. వాటి గురించి రాసేవాళ్లకు కొదవ లేదు. నేను చెప్పబోయేది ఊరికి దక్షిణపు కొసన ఉన్న మెమెంటో పార్కు సంగతి. హంగరీలో కమ్యూనిస్టు పాలన నాటి విగ్రహాలను నడివీధుల్లోంచి పెకలించి తెచ్చి నిలబెట్టిన ఆరుబయలు ప్రదర్శనశాల అది. కోనసీమలో, కొత్తపేటలో విగ్రహాలు చేయడం నా వృత్తి. కాబట్టి దీన్ని మట్టి పిసికే మనిషి మాటగా చదువుకోండి. అల్లుడికి అక్కడ ఉద్యోగం కనుక మేము వెళ్లగలిగాం.

ముందే ఒక హెచ్చరిక. కొందరు దీన్ని థీమ్ పార్కు అంటారు. ఆ మాట పట్టుకుని చిన్నపిల్లలను వెంటబెట్టుకు వెళితే మీ ప్రాణం తీస్తారు. రంగులరాట్నం లేదు, జారుడుబల్ల లేదు. ఉన్నదల్లా గులకరాళ్ల దారులు, ఎండ, కంచు. మా ఆవిడ గేటు దగ్గరే తేల్చేసింది: "ఏమండీ, ఇంటి దగ్గర చూస్తున్నవి చాలక ఇంత దూరం వచ్చి కూడా విగ్రహాలేనా?" నాకు మాత్రం ఆ పూట చాలలేదు.

1989లో అక్కడ పాలన మారాక ఈ విగ్రహాలను ఏం చేయాలన్న తగవు వచ్చింది. పగలగొట్టమన్నవాళ్లు ఉన్నారు, ఉంచమన్నవాళ్లు ఉన్నారు. నగరపాలక సంస్థ 1991లో నమూనాల పోటీ పెట్టింది. ఆకోష్ ఎలెయోద్ అనే వాస్తుశిల్పి నమూనా గెలిచింది. 1993లో పార్కు తెరిచారు. ఇప్పుడు అందులో 42 శిల్పాలు ఉన్నాయి. మన దగ్గర అయితే రోడ్డు వెడల్పు చేసినప్పుడు అర్ధరాత్రి క్రేను వస్తుంది, తెల్లారేసరికి విగ్రహం పంచాయతీ గోదాములో గోనెపట్టా కప్పుకుని పడి ఉంటుంది. మళ్లీ ఎక్కడ పెట్టాలన్నది తేలే లోపు పోలీసు పికెట్టు. హంగరీవాళ్లు ఆ గోదామును టికెట్టు పెట్టి చూపించే చోటుగా మార్చారు. నేను ఒప్పుకుంటాను, ఇది మంచి తెలివి.

ముఖద్వారం ఎర్ర ఇటుకల గోడ. ఒక గూటిలో లెనిన్, మరో గూటిలో మార్క్స్, ఎంగెల్స్. ఈ లెనిన్ 1965 నాటి వాడు, పాల్ పాట్సాయి చేశాడు. కవాతులు జరిగే మైదానం పక్కన నిలబడి ఉండేవాడట. 1989లో మరమ్మతుకని చెప్పి దించారు, ఇక వెనక్కి పంపలేదు. మరమ్మతు పేరు చెప్పి దించడం మనకు తెలియని విద్య కాదు. మార్క్స్, ఎంగెల్స్ మాత్రం రాయి. ముఖాలు తప్ప తక్కినదంతా పలకలు పలకలుగా చెక్కి వదిలేశాడు శిల్పి షెగెష్ది. రాతిలో అంత తక్కువ పనితో ఇద్దరు మనుషులను తేల్చడం తేలిక కాదు.

లోపలికి వెళ్లాక అసలు విందు మొదలవుతుంది. ఎత్తుమీద నిలబెట్టే విగ్రహానికి మేము తల, భుజాలు, చేతులు కొంచెం పెంచి చేస్తాం. పది పన్నెండు అడుగుల కింద నిలబడి చూసేవాడికి అవి చిన్నవిగా కనబడకూడదని. ఇక్కడ చాలావాటిని ఎత్తయిన దిమ్మెల మీది నుంచి దించి దాదాపు నేలమీద పెట్టారు. దాంతో శిల్పి లెక్క మొత్తం బయటపడుతుంది. పరిగెత్తే నావికుడి విగ్రహం దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. 1919లో హంగరీలో కొద్ది నెలలే నిలిచిన సోవియట్ రిపబ్లిక్ జ్ఞాపకంగా 1969లో ఇష్ట్వాన్ కిష్ చేశాడు. రోబెర్ట్ బెరేన్ అనే చిత్రకారుడు ఆ 1919లోనే వేసిన పోస్టరు దానికి మూలం. పోస్టరులో మనిషి బల్లపరుపుగా ఉంటాడు, వెనకవైపు ఉండదు. శిల్పికి వెనకవైపు కూడా కావాలి. అతను వీపునూ, వెనక్కి తన్నిన కాలినీ ఎలా కట్టాడో చూడటానికి నేను చుట్టూ తిరిగాను. ముందుకు వాలిన అంత బరువు ఒక్క కాలి మీద ఆగాలి. ఆ మడమ దగ్గర కంచు ముక్కల అతుకులు కనిపిస్తాయి, వాన చారలు పచ్చగా దిగి ఆ అతుకుల వెంటే పాకాయి. వేలి మెటికలతో కొట్టి చూశాను. పైన బోలు చప్పుడు, పాదం దగ్గర గట్టి చప్పుడు.

"మామయ్య గారూ, ఊళ్లోవాళ్లు ఈయన్ని ఏమని వెక్కిరించేవారో తెలుసా?" అన్నాడు అల్లుడు. నావికుడి చేతిలో ఒక గుడ్డ ఉంటుంది. హోటల్లో కోట్లు భద్రపరిచే నౌకరు "అయ్యా, మీ మఫ్లరు మరిచిపోయారు" అని అతిథి వెనక పరిగెత్తుతున్నాడనేవారట. అది విన్నాక మళ్లీ చూస్తే ఇక విప్లవం కనిపించదు, నౌకరే కనిపిస్తాడు. ఏ శిల్పికైనా ఇంతకు మించిన శిక్ష లేదు.

నాకు అన్నింటికంటే నచ్చింది ఇమ్రె వర్గా 1986లో చేసిన బేలా కున్ స్మారకం. ఆ 1919 ప్రభుత్వానికి నాయకుడు కున్. తర్వాత సోవియట్ దేశంలో స్టాలిన్ ప్రక్షాళనల్లోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. వర్గా ఇక్కడ పోత పోయలేదు. లోహపు రేకులను కత్తిరించి, వంచి, అతికించి ఒక గుంపునే నిలబెట్టాడు. పైన దీపస్తంభం పక్కన కున్ చేయి చాచి ఉపన్యసిస్తుంటాడు, కింద జనం తోసుకుపోతుంటారు. పాలకులు అడిగిన బొమ్మే చేశాడు, కానీ ఆ దీపస్తంభం ఉరికొయ్యలా కనిపించకుండా ఉండదు. అడిగినవాడికి కావలసింది ఇచ్చి, తనకు కావలసింది కూడా పెట్టుకున్నాడు. అలా చేయగలిగితే అదే పనితనం.

దీనికి పూర్తిగా వ్యతిరేకం కిష్‌ఫలూది ష్ట్రోబ్ల్ చేసిన స్నేహ విగ్రహం. హంగరీ కార్మికుడు రెండు చేతులతో సోవియట్ సైనికుడి చేయి పట్టుకుని మురిసిపోతుంటాడు. సైనికుడు కొయ్యలా నిలబడి ఒక్క చేయి అప్పగిస్తాడు. శిల్పి ఇది కావాలని చేశాడో, కుదరక అలా వచ్చిందో నేను చెప్పలేను. ఈ శిల్పి యుద్ధానికి ముందు దొరల బొమ్మలు చేశాడు, తర్వాత సైనికుల బొమ్మలు చేశాడు. అందుకు ఆయన్ని తిట్టేవాళ్లు ఉన్నారు. నేను తిట్టను. మా షెడ్డులో ఒక పార్టీ నాయకుడు, ఆయన్ని బతికినంత కాలం దుమ్మెత్తిపోసిన మరో పార్టీ నాయకుడు పక్కపక్కనే తడిగుడ్డలు కప్పుకుని ఉంటారు. మట్టి ఎండిపోకుండా ఇద్దరికీ నేనే నీళ్లు చల్లుతాను.

బుడాపెస్టులోనే ఉన్న గెల్లేర్ట్ కొండ మీద ఒకప్పుడు నిలబడ్డ సైనికుడూ ఈ ష్ట్రోబ్ల్ చేతి పనే. కొండమీద తాటాకు ఎత్తి పట్టుకున్న స్త్రీమూర్తి 1947 నుంచి ఉంది, 14 మీటర్ల ఎత్తు. ఆమె కాళ్ల దగ్గర కాపలా ఉన్న సైనికుణ్ణి 1956లో, సోవియట్ పెత్తనం మీద తిరగబడ్డప్పుడు, జనం ఒకసారి పడగొట్టారు, మళ్లీ పెట్టారు, చివరికి 1992లో దించి ఈ పార్కుకు పంపారు. ఆమె మాత్రం అక్కడే ఉంది. సోవియట్ సైన్యానికి కృతజ్ఞతలు చెప్పే రాత తీసేసి, దేశ స్వాతంత్ర్యం కోసం ప్రాణాలిచ్చిన వారందరికీ అని మార్చారు. ఫలకాలు మార్చడం మాకు నిత్యకృత్యం, ఎమ్మెల్యే మారితే మళ్లీ పిలుస్తారు. ఆమె ఎందుకు మిగిలిందో కాటన్ దొరను చూసిన గోదావరి వాడికి వివరించనక్కరలేదు. ఆంగ్లేయులందరి బొమ్మలూ పోయినా, ఆనకట్ట పూర్తయి 170 ఏళ్లు దాటినా, డెల్టా ఊళ్లలో ఆయన విగ్రహానికి రైతులు ఇంకా దండ వేస్తూనే ఉన్నారు. లెనిన్‌ విషయంలో మాత్రం మన లెక్కే వేరు. బుడాపెస్టు ఊరవతలకు పంపింది, విజయవాడలో ఆయన పేరు పెట్టుకున్న లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల బేరాలు సాగుతున్నాయి.

గేటు బయట స్టాలిన్ బూట్లు. 1951లో షాందోర్ మికుష్ చేసిన ఎనిమిది మీటర్ల కంచు స్టాలిన్‌ను 1956 అక్టోబరు 23 రాత్రి జనం కూల్చారు. తాళ్లకు లొంగకపోతే గ్యాస్ మంటతో మోకాళ్ల దగ్గర కోశారు. బూట్లు దిమ్మె మీదే ఉండిపోయాయి. నిలుచున్న విగ్రహానికి మేమూ అక్కడే దళసరిగా పోస్తాం, లోపలి చువ్వలు దిమ్మెలోకి దిగేదీ అక్కడే. ఇక్కడ ఉన్నవి అసలు బూట్లు కావు, ఆ తిరుగుబాటుకు 50 ఏళ్లు నిండిన సందర్భంగా 2006లో చేసిన నమూనా. అయినా ఆ పొడవాటి వేదికా, దాని మీద ఆ రెండు బూట్లూ చూస్తే కొలత ఎంతటిదో తెలుస్తుంది.

ఒక ట్రబాంట్ కారు కూడా ఉంది, ఎక్కి కూర్చోవచ్చు. తూర్పు జర్మనీలో కొనాలంటే పదేళ్లు పైబడి వరుసలో ఉండాల్సి వచ్చేదట. దాని ఒళ్లు ఇనుము కాదు, పత్తి వ్యర్థాలు, రెసిన్ కలిపి వేడి అచ్చులో నొక్కిన పలకలు. ఫైబర్ విగ్రహాలు చేసేవాడిగా తలుపు మీద చేయి వేయగానే నాకు బంధువుల ఇంటికి వచ్చినట్లయింది. మా ఆవిడ ఫొటో దిగింది ఇక్కడ ఒక్కచోటే. పక్క షెడ్డులో రహస్య పోలీసులకు శిక్షణ ఇచ్చిన పాత ఫిల్ములు వేస్తారు. ఇంట్లో మనిషి లేనప్పుడు ఎలా సోదా చేయాలి, సంచిలో కెమెరా ఎలా దాచాలి అన్నవి. కాసేపు కూర్చోండి, కాళ్లకూ విశ్రాంతి. దుకాణంలో "కమ్యూనిజం చివరి ఊపిరి" అని డబ్బాలో బిగించిన గాలి అమ్ముతారు. నవ్వి ఊరుకోండి, కొనకండి.

నచ్చనిది ఒకటుంది. తిరిగిన దారులన్నీ చివరికి ఒక ఇటుక గోడ దగ్గర ఆగిపోతాయి. ఆ సిద్ధాంతానికి దారి మూసుకుపోయిందని దాని భావం. వాస్తుశిల్పి తెలివైనవాడే, కానీ విగ్రహాలు నిశ్శబ్దంగా చెప్పినదాన్ని గోడ కట్టి మళ్లీ అరిచి చెప్పనవసరం లేదు. ఆ కొసన జెండా పట్టుకున్న కెప్టెన్ ఒస్త్యపెంకో చాలు. 1944 చివర లొంగిపొమ్మని చెప్పడానికి తెల్లజెండాతో వచ్చి చనిపోయిన అధికారి ఆయన. ఆ విగ్రహం బాలాటన్ సరస్సు వైపు వెళ్లే రోడ్డు మొదట్లో ఉన్నన్నాళ్లూ, కుర్రాళ్లు దాని కిందే నిలబడి వచ్చే పోయే కార్లను ఆపి ఎక్కేవారట. పాలన పోయినా బస్టాపుగా గుర్తుండిపోయాడు.

లిథువేనియాలో గ్రూటాస్ పార్కు అని ఇలాంటిదే ఇంకొకటి ఉంది. పుట్టగొడుగుల వ్యాపారి ఒకాయన 2001లో తెరిచాడు, కాపలా బురుజులు, ముళ్లకంచెలతో సహా. భీమవరం రొయ్యల వ్యాపారులెవరైనా ఇది చదువుతుంటే, తీసేసిన విగ్రహాలు డెల్టాలో తక్కువేమీ లేవు.

వెళ్లేవాళ్లు ముందు గెల్లేర్ట్ కొండ ఎక్కి ఆ స్త్రీమూర్తిని చూసి, తర్వాత ఇక్కడికి రండి. అప్పుడే సైనికుడి కొలత అర్థమవుతుంది. నాలుగో నంబరు మెట్రోలో కెలెన్‌ఫోల్డ్ దాకా, అక్కడి నుంచి బస్సు. నీడ తక్కువ, టోపీ తీసుకెళ్లండి. శిల్పాల పక్కన వివరాలు పెద్దగా రాసి ఉండవు కాబట్టి గేటు దగ్గర దొరికే చిన్న పుస్తకం కొనుక్కోండి, లేదా గైడుతో తిరగండి. మా పనివాళ్లలో ఎవరికైనా ఆ దేశం వెళ్లే అవకాశం వస్తే, కొలిచే టేపు జేబులో వేసుకుని వెళ్లమంటాను.